కౌలుదారు మొర వినే పద్ధతి: నాటి నుంచి నేటి దాకా

 

విత్తనాల గురించి, ఎరువుల గురించి, చీడపీడల గురించి మనం తరచు చెప్పుకుంటూనే ఉన్నాము. ఇవాళ వాటిని కాసేపు పక్కన పెట్టి ఒక చరిత్ర చెప్పుకుందాము. ఇది రాజుల చరిత్ర కాదు. భూమి యజమానితో తగాదా వచ్చినప్పుడు సాగుచేసే మనిషి తన మొర ఎక్కడ చెప్పుకున్నాడు, దానిని ఎవరు విన్నారు, ఏ పద్ధతిలో విన్నారు అన్న సంగతి.

"అది కచ్చేరీల గొడవ. సేద్యానికీ దానికీ సంబంధమేమి?" అని మీలో కొందరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని మనిషి దానికి పెంట తోలడు, చెరువుమట్టి తోలడు, గట్టు వేయడు. పచ్చిరొట్ట వేసి దున్నమని మేము ఎన్నిసార్లు చెప్పినా, "దాని బలం మరొకడి పంటకు పోతుంది కదండీ" అంటాడు. అతడి మాటలో తప్పులేదు.

చట్టం హక్కు ఇచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఆ హక్కును అడిగే దారి కూడా ఉండాలి. ఆ దారి బాగున్నదో లేదో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలును.

మొదటిది: మొర వినేవాడు ఎవరు? తగాదాలో ఉన్నవాడే వింటున్నాడా, సంబంధం లేని మూడోవాడు వింటున్నాడా?

రెండోది: చర్య తీసుకునే ముందు రెండో పక్షానికి తెలియజేశారా? అతని మాట విన్నారా?

మూడోది: రుజువు చూపవలసిన భారం ఎవరిది? కాగితం ఎవరి దగ్గర ఉన్నది?

నాలుగోది: తీర్పు వచ్చేలోగా పంట ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ నాలుగింటినీ మనసులో పెట్టుకుని వినండి. రెండువందల ఏళ్ల చరిత్ర వీటి చుట్టూనే తిరిగినది.

ముందు జప్తు, తరువాత విచారణ

1793లో బెంగాలులో పెట్టిన శాశ్వత పైసలాను 1802లో మద్రాసు రాజధానిలోకి తెచ్చినారు. ఉత్తర సర్కారులలో జమీందార్లకు సన్నదులు ఇచ్చినారు. జమీందారు ఏటేటా కుంపిణీకి కట్టవలసిన పేష్కషు నిర్ణయమైపోయినది. రైతు జమీందారుకు కట్టవలసినది మాత్రం అంత గట్టిగా నిర్ణయం కాలేదు.

ఆ ఏడు వచ్చిన రెగ్యులేషన్లలో రెండింటిని మనం గుర్తుంచుకోవాలి. 30వ రెగ్యులేషన్ జమీందార్లు రైతులకు పట్టాలు ఇవ్వాలన్నది. 28వ రెగ్యులేషన్ శిస్తు బాకీపడిన రైతు పంటనూ సొత్తునూ జప్తు చేసుకునే అధికారం జమీందారుకు ఇచ్చినది. ఆ జప్తుకు ముందుగా కోర్టుకు పోనక్కరలేదు.

దీని ఫలితమేమిటో ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక రైతు కుప్ప నూర్చడానికి సిద్ధంగా ఉన్నాడనుకోండి. దివాణం నౌకరు వచ్చి, "నీవు ఇంత బాకీ ఉన్నావు" అని కుప్ప మీద ముద్ర వేసినాడు. రైతు లెక్క ప్రకారం బాకీ లేదు. అయినా బాకీ ఉన్నదో లేదో తేలకముందే కుప్ప పోయినది. ఇప్పుడు జిల్లా కోర్టుకు పోవలసినవాడు ఎవరు? రైతే. స్టాంపు ఖర్చు, వకీలు ఖర్చు, దారి బత్తెం అతడివే. అతడు తిరిగి వచ్చేసరికి వాన కురిసి గింజ మొలకెత్తును, లేదా కుప్ప వేలమైపోవును. జమీందారు మాత్రం ఇల్లు కదలనక్కరలేదు.

బాకీ వసూలు చేసుకునే హక్కు జమీందారుకు ఉండరాదని ఎవరూ అనరు. చిక్కంతా వరసలో ఉన్నది. ముందు శిక్ష, తరువాత విచారణ అన్న వరసలో నాలుగో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ యజమాని పక్షానే పడుతుంది.

ఈ లోపాన్ని ప్రభుత్వం ఇరవై ఏళ్లకు గ్రహించినది. 1822లో రెండు రెగ్యులేషన్లు తెచ్చినారు. 1802 నాటి నిబంధనలు ఏ తరగతి రైతుకు ఉన్న హక్కునూ తీసివేయడానికి ఉద్దేశించినవి కావనీ, శిస్తు కట్టనివారిమీద చర్య ఎట్లా తీసుకోవాలో చూపడానికే చేసినవనీ 4వ రెగ్యులేషన్ స్పష్టం చేసినది. 5వ రెగ్యులేషన్ ఇటువంటి తగాదాలను సరాసరి విచారించే అధికారం కలెక్టర్లకు ఇచ్చినది. సివిలు కోర్టు కంటె కలెక్టరు కచ్చేరీలో ఆలస్యం తక్కువ. అంతవరకు మేలే. కాని కలెక్టరు కచ్చేరీ దాకా పోగలిగిన రైతులు ఎందరు?

కంచే చేను మేసినప్పుడు

దీనికి జవాబు జమీందారీలలో కాక, రైత్వారీ గ్రామాలలో దొరికినది. రైత్వారీలో నడుమ జమీందారు లేడు. ప్రభుత్వమే భూస్వామి వంటిది. శిస్తు వసూలు చేసేది తాసీల్దారు, అతని కింది నౌకర్లు. వసూలు పేరిట రైతులను ఎండలో వంచి నిలబెడుతున్నారనీ, చిత్రహింసలు పెడుతున్నారనీ గగ్గోలు పుట్టి, లండను పార్లమెంటు దాకా పోయినది. మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసినది. ఆ కమిషన్ 1855లో తన నివేదిక ఇచ్చినది.

హింస జరుగుతున్నది నిజమేనని కమిషన్ తేల్చినది. అంతకంటె ఎక్కువగా తమ మనసుకు కష్టం కలిగించినది ఒకటున్నదని కూడా వారు రాసినారు. దెబ్బతిన్న మనిషికి న్యాయం దొరికే దారి లేకపోవడమే అది. కలెక్టరు దగ్గరకు పోవాలంటే దూరాభారం, ఖర్చు, పనిచెడుపు. పోనీ, అర్జీ రాసి పంపుదామంటే, ఆ అర్జీ మీద "తాసీల్దారు విచారించవలెను" అని రాసి కిందికి పంపుతారన్న భయం. ఆ తాసీల్దారో, అతని నౌకరో చేసిన అన్యాయం మీదనే ఆ అర్జీ!

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటామని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎవరి మీద ఫిర్యాదు వచ్చినదో వారినే విచారణకు నియమించరాదన్న సూత్రం చదువుకున్నవారు పుస్తకాలలో రాసుకున్నది. అది మన రైతుకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసును. అందుకే అతడు అర్జీ పెట్టడమే మానివేసినాడు. "ఫిర్యాదులు రావడం లేదు, అంతా బాగున్నది" అని పైవారు అనుకున్నారు. ఇప్పటికీ ఒక ఊరినుంచి ఫిర్యాదు రాకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. ఆ ఊళ్లో తగాదాలు లేకపోవచ్చు, లేదా చెప్పుకుంటే ఫలితం ఉంటుందన్న నమ్మకం లేకపోవచ్చు. ఈ సంగతి విస్తరణోద్యోగులు మరచిపోరాదు.

పట్టా, ముచ్చిలికా

1865లో మద్రాసు శిస్తు వసూలు చట్టం వచ్చినది. ఆ ఏటి చట్టాలలో అది 8వది. ఇందులో ఒక మంచి నిబంధన ఉన్నది. జమీందారు రైతుకు పట్టా ఇవ్వాలి, రైతు జమీందారుకు ముచ్చిలికా రాసి ఇవ్వాలి. భూమి ఎంత, శిస్తు ఎంత, షరతులేమిటి అన్నవి రెంటిలోనూ ఒకటిగా ఉండాలి. ఈ కాగితాలు మార్చుకోకుండా, కనీసం జమీందారు సరియైన పట్టా ఇవ్వజూపకుండా, శిస్తుకోసం దావా గాని జప్తు గాని చెల్లదు. పట్టా ఇవ్వకపోతే రైతు కలెక్టరు దగ్గర సరాసరి దావా వేసి పుచ్చుకోవచ్చు. రైతు పట్టా తీసుకోనంటే జమీందారు కూడా అట్లాగే దావా వేయవచ్చు.

మన మూడో ప్రశ్నకు చట్టం సూటిగా జవాబు చెప్పినది ఇక్కడనే. కాగితం ఇద్దరి చేతిలోనూ ఉండాలన్నది. పట్టాలో చేర్చకూడని షరతులు చేర్చినందువల్ల జమీందార్ల చర్యలు కోర్టులలో వీగిపోయిన సందర్భాలు కూడా ఉన్నవి.

కాని చదువు రాని రైతు పట్టాలో ఏమి రాసినారో ఎట్లా తెలుసుకుంటాడు? రాసేవాడు దివాణం గుమాస్తా. చదివి చెప్పేవాడు కరణం. కరణానికి దివాణంతో రోజూ పని. కాబట్టి కాగితం రెండు చేతులలో ఉన్నా, దాని అర్థం మాత్రం ఒకే పక్షం చేతిలో ఉండిపోయినది.

ఇక రుజువు భారం సంగతి చూద్దాము. జమీందారు రైతును భూమినుంచి తొలగించాలని దావా వేస్తే, "నాకు శాశ్వత సాగుహక్కు ఉన్నది" అని రైతు రుజువు చేసుకోవాలా, "ఇతడిని తీసివేసే హక్కు నాకున్నది" అని జమీందారు రుజువు చేయాలా? తాతలనాటినుంచి నోటిమాట మీద సాగుచేసుకుంటున్నవాడు ఏ కాగితం తెచ్చి చూపగలడు? పంతొమ్మిదో శతాబ్దం చివర, నాటి గంజాం జిల్లాలోని చీకటి జమీందారీ వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఈ ప్రశ్నను తేల్చినది. జమీందారీ రైతు ఏటికేడు మార్చదగిన కౌలుదారు కాడనీ, తొలగించే హక్కు ఉన్నదనే జమీందారే దానిని రుజువు చేయాలనీ చెప్పినది. ఆ తీర్పు కొత్తగా భూమి ఏమీ పంచలేదు. రుజువు భారాన్ని ఒక భుజం మీదనుంచి ఇంకొక భుజం మీదికి మార్చినది. అంతమాత్రాన ఎన్నో కుటుంబాల చేలు నిలిచినవి.

1908 చట్టం

ఆ తీర్పులో ఉన్న న్యాయాన్ని 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం గట్టిపరచినది. ఎస్టేటులో రైతుభూమి సాగుచేస్తున్న రైతుకు శాశ్వత సాగుహక్కు ఉన్నదన్నది. జమీందారు తన ఇష్టం వచ్చినట్లు శిస్తు పెంచడానికి వీలులేకుండా చేసినది. పెంచాలంటే కలెక్టరు దగ్గర దావా వేయాలి. ధాన్యం ధరలు పెరగడం వంటి కారణాలు చూపాలి. ధరల కారణంగా పెంచితే రూపాయికి రెండణాలకు మించరాదు. రైతును తొలగించాలన్నా దావా తప్పదు. శిస్తు కట్టిన రైతుకు రసీదు ఇవ్వాలి. శిస్తు గాక మామూళ్ల పేరిట అదనంగా వసూలు చేయరాదు.

ఇవన్నీ పద్ధతికి సంబంధించిన నిబంధనలే. ముందు దావా, తరువాత చర్య. ముందు కారణం చూపడం, తరువాత పెంచడం. 1802 నాటి వరస చాలావరకు తిరగబడినది.

అయినా కష్టాలు తీరలేదు. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం మొదలు మద్రాసు దాకా యాత్ర చేసినారు. ఊరూరా రైతుల అర్జీలు పోగుచేసినారు. ఒక్కొక్కడు కచ్చేరీకి పోలేడు కనుక, ఊళ్లన్నీ కలిసి రాజధానికి నడిచినవని అనుకోవచ్చు. అదే కాలంలో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినది. రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం వేసినారు.

ఈ సంఘం పనిచేసిన తీరు మన విషయానికి చాలా ముఖ్యం. సంఘం ముందుగా ప్రశ్నావళి పంపినది. జమీందార్లూ జవాబిచ్చినారు, రైతులూ జవాబిచ్చినారు. ఇరుపక్షాల సాక్ష్యాలూ తీసుకున్నారు. వాటిని సంపుటాలుగా అచ్చువేసినారు. దివాణం ముందు నోరెత్తని రైతు చెప్పిన మాట జమీందారు చెప్పిన మాట పక్కనే ఎక్కినది. శిస్తులను 1802 నాటి స్థాయికి తగ్గించాలని సంఘం 1938లో సిఫారసు చేసినది. 1939లో మంత్రివర్గం రాజీనామా ఇవ్వడంతో ఆ సిఫారసు చట్టం కాలేదు. అయినా పోగైన సాక్ష్యం వృథా పోలేదు. 1947లో శిస్తుల తగ్గింపు చట్టం, 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చినవి.

మిగిలిపోయినవాడు

జమీందారీ పోయినది, రైతు పట్టాదారైనాడు. మరి ఆ పట్టాదారు దగ్గర కౌలుకు తీసుకుని నాగలి పట్టేవాడు? అతడి సంగతి 1908 చట్టంలోను సరిగా తేలలేదు, 1948 చట్టంలోను తేలలేదు. జమీందారుకూ రైతుకూ మధ్య ఉండిన తగాదా, రైతుకూ కౌలుదారుకూ మధ్య కొత్త రూపంలో మొదలైనది.

తెలంగాణాలో దీనికోసం 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం చేసినారు. కొన్నేళ్లుగా సాగుచేస్తున్నవారిని రక్షిత కౌలుదార్లని నమోదు చేసినారు. ఈ చట్టంలో విచారణ పద్ధతి చక్కగా ఉన్నది. కౌలు రద్దుచేయాలంటే భూకామందు కారణాలు చూపుతూ రాతమూలకంగా నోటీసు ఇవ్వాలి. తాసీల్దారు ఉత్తర్వు లేకుండా కౌలుదారు చేతిలోని భూమిని స్వాధీనం చేసుకోరాదు. కౌలుదారు తనంతట తానే భూమి వదులుకుంటానన్నా నోటిమాట చాలదు. అతడు రాసి ఇవ్వాలి. తాసీల్దారు ఎదుట ఒప్పుకోవాలి. అది నిజంగా ఇష్టపూర్వకమేనని తాసీల్దారుకు తృప్తి కలగాలి.

కాగితం మీద ఇంతకంటె ఏమి కావాలి? ఇక జరిగినదేమిటో చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికశాస్త్రవేత్త ఏ.ఎం. ఖుస్రో పాత హైదరాబాదు రాష్ట్రంలో ఈ చట్టం అమలును పరిశీలించి 1958లో పుస్తకంగా అచ్చువేసినారు. 1951లో నమోదైన ప్రతి నూరుమంది రక్షిత కౌలుదార్లు నాలుగేళ్లకు ఏమైనారో ఆయన లెక్కతీసినారు.

నూటికి 45.4 మంది కౌలుదార్లుగా నిలిచినారు. 12.4 మంది భూమి కొనుక్కుని యజమానులైనారు. చట్టప్రకారం తొలగింపబడినవారు 2.6 మంది. చట్టవిరుద్ధంగా తొలగింపబడినవారు 22.1 మంది. తామే "ఇష్టపూర్వకంగా" వదులుకున్నారని తేలినవారు 17.5 మంది.

ఈ అంకెలు మరొకసారి చూడండి. విచారణ జరిపి, ఉత్తర్వు ఇచ్చి తొలగించినది నూటికి ముగ్గురిని కూడా కాదు. విచారణ దరిదాపులకు రాకుండా తొలగించినది ఇరవైఇద్దరిని. ఇక ఇష్టపూర్వకంగా వదులుకున్న వారిలో ఎందరిది నిజంగా ఇష్టమో మీరే ఊహించుకోవచ్చును. అప్పుల వాడు, పొరుగువాడు, పెళ్లికి సహాయం చేసినవాడు అయిన భూకామందు ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యరా" అంటే కాదనడం ఎంత కష్టం! మనిషి ఇష్టాన్ని తెలుసుకోవాలంటే అతడు భయంలేని చోట నిలబడి మాట్లాడాలి. తాసీల్దారు ఎదుట ఒప్పుకోవాలన్న నిబంధన అందుకే పెట్టినారు.

1973లో తెలంగాణాలో మిగిలిన రక్షిత కౌలుదార్లను భూమికి యజమానులను చేసే నిబంధన అమలులోకి తెచ్చినారు. కాని నడుమ ఇరవై ఏళ్లలో జారిపోయినవారి సంగతేమి? చట్టం ఇచ్చిన ఫలం, పద్ధతిని పట్టుకుని నిలబడగలిగినవారికే దక్కినది.

ఆంధ్ర ప్రాంతంలో 1956లో కౌలుదారీ చట్టం చేసినారు. కౌలు తగాదాలు వినడానికి స్పెషల్ ఆఫీసరును ఏర్పాటు చేసినారు. కౌలు చెల్లించకపోవడం, భూమిని పాడుచేయడం, మారుకౌలుకు ఇవ్వడం వంటి కారణాలు చూపి, భూకామందు ఆ అధికారికి దరఖాస్తు పెట్టి విచారణ జరిపించుకోవాలే గాని, తానే పోయి నాగలి విప్పించరాదు. తీర్పు నచ్చనివారికి అప్పీలు ఉన్నది. తరువాతి కాలంలో మునసబు కోర్టు న్యాయాధికారులే స్పెషల్ ఆఫీసర్లుగా విచారణలు జరిపినారు. ఇది ఒక మేలు. శిస్తు లెక్కలు, భూమి దస్తావేజులు చూసే శాఖతో సంబంధం లేనివాడు విన్నాడన్నమాట.

ఇక్కడ కూడా కాగితమే చిక్కుపెట్టినది. మన జిల్లాలలో కౌలు ఎక్కువభాగం నోటిమాట మీదనే సాగినది. "పెద్దమనుషుల మాట ఉండగా రాతకోతలెందుకు?" అన్నారు. తగాదా వచ్చినరోజున పెద్దమనిషి ఊళ్లో లేడు. అడంగల్లో సాగుదారు పేరు ఎక్కలేదు. రసీదు లేదు. కచ్చేరీలో వేసే మొదటి ప్రశ్నకే, "నీవు కౌలుదారువని రుజువేమిటి?" అన్నదానికే, అతడు జవాబు చెప్పలేకపోయినాడు. గ్రామంలో లెక్కలు రాసే కరణాల, మునసబుల వంశపారంపర్య పదవులు 1984లో రద్దయినవి. రాసేవారు మారినారు. కాని సాగుచేసే మనిషి పేరు రాతలో ఎక్కని అలవాటు అంత త్వరగా మారలేదు.

ఈ లోటు తీర్చడానికి 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేసినది. యజమాని హక్కుకు భంగం లేకుండా, కౌలుదారుకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అందడానికి ఒక ఏడాది కార్డు ఇచ్చినారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి బదులుగా పంటసాగుదారు హక్కుల చట్టం తెచ్చినారు. పదకొండు నెలల ఒప్పందం రాసుకుని, దాని మీద యజమాని సంతకం ఉంటే కార్డు ఇచ్చే ఏర్పాటు చేసినారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. సంతకం లేనిదే కార్డు రాదని కౌలుదారు బెంగ. ఇద్దరి భయానికీ మూలం ఒకటే. తగాదా వస్తే తమ మాట సరిగా వింటారన్న నమ్మకం ఇద్దరికీ లేదు.

యజమానికి కూడా

ఈ మాట దగ్గర కొంచెం ఆగుదాము. ఇంతసేపూ కౌలుదారు పక్షాననే మాట్లాడినట్లు మీకు తోచవచ్చు. భూకామందులందరూ జమీందార్లు కారు. భర్త పోయి రెండెకరాలు కౌలుకిచ్చుకుని బ్రతుకుతున్న తల్లి ఉన్నది. సైన్యంలో పనిచేస్తూ చేను తమ్ముడివరసవానికి అప్పగించిన జవాను ఉన్నాడు. వీరికి కౌలు ఎగ్గొట్టే కౌలుదారు కూడా ఉండవచ్చు. వారికీ నోటీసు అందాలి, వారి మాటా వినాలి. న్యాయమైన పద్ధతికి గుర్తు ఏమిటంటే, ఓడిపోయినవాడు కూడా "నా మాట విన్నారు, నా కాగితం చూసినారు, ఎందుకు కాదన్నారో రాసినారు" అని చెప్పగలగడం. అట్లా చెప్పగలిగినవాడు ఊరికి వచ్చి గొడ్డలి పట్టుకోడు. ఎదుటివాడి చేనులో పశువులను తోలడు.

మనం చేయవలసినది

చరిత్ర చెప్పుకున్నాము గనుక, అది నేర్పిన నాలుగు పనులు కూడా చెప్పుకుందాము.

ఒకటి: కౌలు మాట కుదిరిన రోజుననే ఒక కాగితం రాసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, ఎన్నాళ్లకు అన్నవి ఉంటే చాలు. రెండు ప్రతులు రాసి చెరియొకటి ఉంచుకోండి. 1865లో చెప్పిన మాటే ఇది. ధాన్యంగా ఇచ్చినా, డబ్బుగా ఇచ్చినా రసీదు అడగండి. రసీదు అడగడం నమ్మకం లేకపోవడం కాదు. అన్నదమ్ములు కూడా భాగాలు రాసుకుంటారు గదా!

రెండు: ఫిర్యాదు రాసేటప్పుడు జరిగినది జరిగినట్లు, తేదీలతో రాయండి. తిట్లు రాయవద్దు. వినికిడి మాటలు రాయవద్దు. రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకదాని మీద అందినట్లు తేదీ, ముద్ర వేయించుకోండి. ఎవరి మీద ఫిర్యాదో వారి దగ్గరకే విచారణకు పంపినట్లయితే, ఆ సంగతి పై అధికారికి వెంటనే రాతమూలకంగా తెలపండి.

మూడు: నోటీసు వస్తే పుచ్చుకోండి. తీసుకోకపోతే తగాదా పోతుందనుకోవడం పొరపాటు. మీరు లేకుండానే తీర్పు జరిగిపోతుంది. వాయిదా నాడు స్వయంగా పోండి. మీరు చెప్పినది రాసుకున్న తరువాత చదివి వినిపించమనండి. అది సరిగా ఉంటేనే వేలిముద్ర గాని సంతకం గాని వేయండి. మీ ఇష్టంతో భూమి వదులుకుంటున్నట్లు రాసిన కాగితం మీద ఎవరి ఇంట్లోనూ, ఎవరి బలవంతం మీదనూ వేలిముద్ర వేయవద్దు.

నాలుగు: తీర్పు ప్రతి అడిగి తీసుకోండి. అందులో కారణాలు ఉంటాయి. అప్పీలుకు గడువు ఉంటుంది. గడువు దాటితే మంచి హక్కు కూడా ఎండిన నారు వంటిదే.

విస్తరణోద్యోగులకు ఒక మాట. మనం న్యాయాధికారులం కాము. ఒక పక్షం ఇంట మజ్జిగ తాగి వచ్చి ఇంకొక పక్షానికి తీర్పు చెప్పడం మన పని కాదు. కాని ఏ నిబంధన అమలులో ఉన్నది, దరఖాస్తు ఏ కచ్చేరీలో ఇవ్వాలి, ఏ కాగితాలు జతపరచాలి అన్నవి తాసీల్దారు కచ్చేరీలో కనుక్కుని, యజమానికీ కౌలుదారుకూ ఒకే తీరున చెప్పడం మన పనే. చదువు రానివారికి కాగితం చదివి చెప్పండి. ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఒకనాడు ఆ పని కరణం చేతిలో ఉండి ఎందరి చేలు పోయినవో మీరు ఇప్పుడే విన్నారు.

రైతు సోదరులారా! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి చోటు ఏర్పరచడానికి మన ముందు తరాలవారు 1802 నుంచి ఎన్నో అర్జీలు పెట్టినారు, ఎన్నో మైళ్లు నడిచినారు, కచ్చేరీల ముందు ఎన్నో పగళ్లు చెట్ల కింద కూర్చున్నారు. ఆ చోటు ఇవాళ ఉన్నది. లోపాలున్నా ఉన్నది. దానిని వాడుకోండి. ఈ ఏడు తొలకరికి విత్తనాలు సిద్ధం చేసుకునేటప్పుడే కౌలు కాగితం కూడా సిద్ధం చేసుకోండి. చేనికి గట్టు ఎంత అవసరమో, కౌలుకు కాగితం అంత అవసరం.